ఉక్కురెక్క మూడో మెట్టు

చిట్టక్క బరువు నలభై రెండు కిలోలు. అందులో రెండు కిలోలు ఆవిడ చేతిలో ఎప్పుడూ ఉండే టీ ఫ్లాస్కుదేనని వాళ్ళ వదిన అనేది. అలాంటి మనిషి అడుగు వేస్తే సినిమా హాల్లో కుర్చీలు అదిరాయంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానె, జరిగింది మాత్రం అదే.

ఆవిడ అన్నయ్యని అందరూ చప్పుళ్ళ మాస్టారు అనేవారు. సినిమాలో హీరో నడుస్తుంటే వినిపించే అడుగులు చాలాసార్లు ఆ హీరోవి కావు. షూటింగు అంతా అయ్యాక, ఒక గదిలో తెర మీద బొమ్మ వేసుకుని, దాన్ని చూస్తూ మరొకరు నడుస్తారు. ఆ మరొకరు మాస్టారు. గుర్రం పరిగెత్తాలంటే కొబ్బరి చిప్పలు, పక్షి ఎగరాలంటే పాత గొడుగు, విలన్ ఎముక విరగాలంటే క్యారెట్. విరిగిన ఎముకలన్నీ సాయంత్రానికి వదిన కూరలోకి వెళ్ళేవి.

స్టూడియో ఒక పాత భవనంలో మూడో అంతస్తు. అదే అంతస్తులో వెనక రెండు గదుల్లో వాళ్ళ కాపురం. లిఫ్టుకి ‘మరమ్మతులో ఉంది’ అన్న బోర్డు తగిలించి ఎన్నేళ్ళయిందో, ఆ బోర్డుకే మరమ్మతు అవసరమైంది. చిట్టక్క ఏడో తరగతిలో చదువు మానేసిన దగ్గర్నుంచి అన్నయ్య పనిలోనే పెరిగింది. గది ఊడ్చేది, టీ పెట్టేది, రోజూ కింద వీధిలోంచి ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను భుజాన వేసుకుని పైకి తెచ్చేది. మెల్లిగా ఆడవాళ్ళ అడుగులన్నీ ఆవిడకి వచ్చి చేరాయి. హీరోయిన్ ఎత్తుమడమల జోళ్ళూ, ముసలమ్మ చెప్పులూ, బడి పిల్లల పరుగులూ అన్నీ చిట్టక్కే. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. వీధిలో మనుషుల మొహాలు గుర్తుండేవి కావు కానీ నడకలు గుర్తుండేవి. తలుపు తియ్యకుండానే, “పోస్టాయన వస్తున్నాడు, ఇవాళ కొత్త బూట్లు, కరుస్తున్నాయి పాపం,” అనేది.

హీరోల బూట్లు మాత్రం ఆవిడ ముట్టుకోవడానికి లేదు. పదో నంబరు తోలు బూట్లు, ఇనప పెట్టెలో, తాళం మాస్టారి జేబులో.

“హీరో అడుగు మగాడి కాలికే పడుతుందే చిట్టీ. అది బరువుని బట్టి ఉంటుంది,” అనేవాడాయన. ఆయన కూడా పెద్ద బరువేం కాదు. కానీ ఆ మాట ఎవరూ అనేవారు కాదు.

చిట్టక్కకి జీవితంలో కోరిక అంటూ ఒకటుంటే అది ఆ బూట్లు వేసుకుని ఒక్క హీరోకి నడవడం. ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, వదిన నలుగురికీ చెబుతుందని.

అలాంటి రోజుల్లో ఉక్కురెక్క సినిమా వచ్చింది. ఉక్కురెక్క అంటే చిట్టక్క చిన్నప్పుడు అద్దెకి తెచ్చుకుని, కుట్టుమిషను కింద దూరి చదివిన బొమ్మల పుస్తకాల హీరో. రెండు వందల ఏళ్ళ తర్వాతి లోకంలో, వెండి రెక్కలతో, నవ్వు మొహంతో, బట్ట నలగకుండా ఎగిరేవాడు. ఇప్పుడు తీసిన కొత్త డైరెక్టరు ఆ రెక్కలు రెండూ మొదటి రీల్లోనే విరగ్గొట్టేశాడు. ఉక్కురెక్క ఇక ఎగరడు. బురదలో, శిథిలాల్లో, రెండున్నర గంటలు నడుస్తాడు.

“ఎగిరితే మనకి పనేముంది, ఒక గొడుగుతో సరిపోయేది,” అని మాస్టారు సంతోషించాడు.

డైరెక్టరుకి ముప్ఫై ఏళ్ళుంటాయి. ఏది చూపించినా “ఇంకా గరుగ్గా ఉండాలి” అంటాడు. టీ ఇచ్చినా అదే మాట అంటాడేమోనని వదిన భయపడేది. ఇంట్లో ఆయన పేరు గరుకు బాబు అయిపోయింది.

మాస్టారు నమూనాకి ఒక సీను నడిచి వినిపించాడు. గరుకు బాబు కళ్ళు మూసుకుని విన్నాడు.

“ఇదే మాస్టారూ. ఆ ఎడమ కాలు ఈడ్చడం చూశారా, అందులో ఓడిపోయిన మనిషి కనిపిస్తున్నాడు. సినిమా అంతా మీరే నడవాలి. ఇంకెవరు నడిచినా నేను ఒప్పుకోను.”

“ఓడిపోయిన మనిషి కాదు, వాచిపోయిన మోకాలు,” అంది వదిన వంటగదిలో చిట్టక్కతో.

ఆవిడ మాటే నిజమైంది. వారం తిరిగేసరికి మోకాలు గుమ్మడికాయంత అయింది. డాక్టరు నెల రోజులు కాలు కదపొద్దన్నాడు. మాస్టారు మంచం మీద కూర్చుని పైకప్పుని తిట్టాడు, మోకాలిని తిట్టాడు, చివరికి తిట్టడానికి ఏమీ మిగలక చెల్లెలి వంక చూశాడు.

“నేను నడవనా అన్నయ్యా?” అంది చిట్టక్క, ఫ్లాస్కు మూత బిగిస్తూ.

“నువ్వా?”

“పోనీ నేను నడుస్తాను,” అంది వదిన. “ఉక్కురెక్క సినిమా మధ్యలో ఆగి ఆయాసపడతాడు, అంతే తేడా.”

మాస్టారు జేబులోంచి తాళంచెవి తీసి, ఇవ్వాలా వద్దా అని చేతిలో రెండుసార్లు తిప్పి, ఇచ్చాడు. “బాబుకి మాత్రం తెలియకూడదు. తెలిస్తే సినిమా ఇంకో స్టూడియోకి పోతుంది.”

చిట్టక్క పెట్టె తెరిచి బూట్లో కాలు పెట్టింది. కాలు లోపలికి పూర్తిగా వెళ్ళలేదు. చెయ్యి పెట్టి చూస్తే ముందు భాగమంతా పాత న్యూసు పేపర్లు, ఉండలు చుట్టి గట్టిగా కుక్కి ఉన్నాయి. ఏళ్ళ తరబడి తొక్కిన పేపర్లు, రాళ్ళలా ఉన్నాయి. అన్నయ్య పాదం తన పాదం కంటే బియ్యపు గింజంత కూడా పెద్దది కాదన్నమాట. ఒక్క క్షణం ఆ బూటు వైపు చూసింది. పేపర్లు అలాగే ఉంచి మళ్ళీ కాలు పెట్టింది. ఈసారి సరిగ్గా పట్టింది.

కానీ నడక రాలేదు. రికార్డిస్టు ఒక పెద్దమనిషి, హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని హాయిగా నిద్రపోగలిగేవాడు. ఆయనే మేలుకుని, “చిట్టక్కా, ఉక్కురెక్క వెనకాల ఎవరో కోడిపిల్లని వదిలారమ్మా,” అన్నాడు. జేబుల్లో రాళ్ళు వేసుకుంది. నడుముకి తడి దుప్పటి చుట్టుకుంది. బరువు వచ్చింది కానీ అలసట రాలేదు. మధ్యాహ్నం దాకా అదే తంతు.

“నీళ్ళు అయిపోయాయి,” అని వదిన కేక వేసింది.

చిట్టక్క విసుగులో బూట్లు విప్పకుండానే వెళ్ళి క్యాను తెచ్చింది. భుజాన క్యానుతో గది దాటుతుంటే రికార్డిస్టు రెండు చేతులూ పైకెత్తాడు. “ఆగు. దించకు. అలాగే తెర ముందుకి రా.”

కుడి భుజాన ఇరవై లీటర్లు ఉంటే ఎడమ కాలు దానంతటదే ఈడ్చుకుంటుంది. ఇరవై ఏళ్ళు ఆ మెట్లు ఎక్కిన అలసట, ఎవరూ అడగకుండానే అడుగులోకి వచ్చేసింది. ధన్, ఈడ్పు. ధన్, ఈడ్పు. దాంతోపాటు క్యానులో నీళ్ళు కదిలి, గుబుక్, గుబుక్.

“ఆ గుబుక్ ఏం చేద్దాం?” అన్నాడు రికార్డిస్టు.

“పంపించి చూద్దాం,” అన్నాడు మాస్టారు పక్కగదిలోంచి, బతుకు మీద ఆశ వదులుకున్నట్టు.

గరుకు బాబు అరగంటలో ఫోను చేశాడు. “మాస్టారూ, మీరు మామూలు మనిషి కాదు. కవచం లోపల చల్లబరిచే ద్రవం ఉంటుందని కథలో ఎక్కడో ఒక్క ముక్క రాశాను. అది పట్టేశారు. సినిమా అంతా అది ఉండాలి.”

“ఏదో మీ అభిమానం,” అన్నాడు మాస్టారు. ఫోను పెట్టేశాక క్యాను వైపు అసూయగా చూశాడు.

ఇరవై రోజులు చిట్టక్క క్యాను మోస్తూ ఉక్కురెక్కై నడిచింది. చివరికి మెట్ల సీను మిగిలింది. ఉక్కురెక్క తొమ్మిది అంతస్తుల గోపురం ఎక్కి శత్రువుని చేరతాడు. గదిలోని చెక్క మెట్లు వద్దు, నిజం మెట్ల చప్పుడే కావాలన్నాడు బాబు. అందుకని భవనం మెట్ల మీదే, మొదటి అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య, గోడల్లో చప్పుడు బాగా మారుమోగేచోట మైకు పెట్టారు. చిట్టక్క అవే పన్నెండు మెట్లు తొమ్మిదిసార్లు ఎక్కింది. రికార్డిస్టు మూడోసారికే నిద్రపోయాడు.

ఈలోగా పేపర్లో గరుకు బాబు ఇంటర్వ్యూ వచ్చింది. ఉక్కురెక్క నడక కోసం శాస్త్రజ్ఞులతో ఆరు నెలలు పరిశోధన చేశామని చెప్పాడు. వదిన అది పైకి చదివి, “చిట్టీ, శాస్త్రజ్ఞురాలివి అయ్యావు, కాస్త అంట్లు తోము,” అంది.

మర్నాడే మళ్ళీ ఫోను. ఈసారి గొంతు వేరుగా ఉంది.

“తెర మీద అంతస్తుకి పన్నెండు మెట్లు మాస్టారూ. నాకు పదకొండే వినిపిస్తున్నాయి. తొమ్మిది అంతస్తుల్లో తొమ్మిదిసార్లూ మూడో మెట్టు లేదు. రేపు నాలుగింటికి వస్తాను. నా ముందు నడవండి.”

చిట్టక్కకి వెంటనే అర్థమైంది. ఆ మెట్ల వరసలో మూడో మెట్టు ఎప్పుడో విరిగింది. భవనంలో ఉండేవాళ్ళెవరూ దాని మీద కాలు వెయ్యరు. ఇరవై ఏళ్ళుగా దాటి దాటి, దాన్ని దాటుతున్నానన్న సంగతే ఆవిడ మర్చిపోయింది.

“నేనే నడుస్తాను,” అన్నాడు మాస్టారు. లేచి ఒక్క అడుగు వేసి, మళ్ళీ మంచం మీద కూలబడ్డాడు.

“నడిచారుగా,” అంది వదిన. “ఇంకెన్ని కావాలి?”

“రేపటికి తగ్గుతుంది. చిట్టీ, ఆయన వచ్చే వేళకి నువ్వు మాత్రం ఎదురుపడకు.”

మర్నాడు పొద్దున్నుంచీ వాన. వీధిలో చీలమండ దాకా నీళ్ళు. మూడున్నరకి ఇంట్లో మంచినీళ్ళు అయిపోయాయి. చిట్టక్క చెప్పు తెగి రెండు రోజులైంది. నాలుగింటికి కదా, ఈలోగా వచ్చేస్తానని ఆ బూట్లే తొడుక్కుని దిగింది.

గరుకు బాబు పావుగంట ముందే వచ్చాడు. లిఫ్టు బోర్డు చదివి మెట్లెక్కాడు. మొదటి అంతస్తు దాటి మూడో మెట్టు మీద కాలు వేశాడు. మెట్టు తన పని తాను చేసింది. ఆయన చీలమండ పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

అప్పుడు కింద నుంచి వినిపించింది. ధన్, ఈడ్పు, గుబుక్. ధన్, ఈడ్పు, గుబుక్.

ఆయన చీలమండ వదిలేసి విన్నాడు. తను రెక్కలు విరగ్గొట్టిన మనిషి మెట్లెక్కి వస్తున్నాడు. ఒక్కో మెట్టూ ఎక్కి, మలుపు తిరిగి, ఎదుటికి వచ్చి ఆగాడు. చూస్తే బక్కపలచని ఆవిడ, భుజాన నీళ్ళ క్యాను, పదో నంబరు బూట్లు.

“కాస్త పక్కకి జరగండి సార్,” అంది చిట్టక్క. ఆ తర్వాత ఆయన ఎవరో గుర్తుపట్టింది.

క్యాను దించాలన్న ఆలోచన కూడా ఆవిడకి రాలేదు.

“మాస్టారు?” అన్నాడాయన.

“పైనున్నారు సార్. మోకాలు వాచింది. ఆయన తప్పేం లేదు, నేనే నడుస్తానన్నాను.”

“ఆ ద్రవం?”

“మంచినీళ్ళు సార్. తాగుతారా?”

గరుకు బాబు తల పట్టుకున్నాడు. చిట్టక్కకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సినిమా పోయింది, అన్నయ్య పరువు పోయింది, పెట్టె తాళం ఇక ఈ జన్మలో తన చేతికి రాదు. కానీ ఆయన మెల్లిగా జరిగి దారి ఇచ్చాడు. “ఒకసారి ఎక్కండి. చూస్తాను.”

ఎక్కింది. మూడో మెట్టు దాటేసింది.

“దాని మీద కాలు పెట్టి ఎక్కండి.”

మళ్ళీ దిగి ఎక్కింది. మనసు పెట్టమంది, కాలు పెట్టనంది. ఐదుసార్లు ప్రయత్నించింది. ఆరోసారి కళ్ళు మూసుకుని మరీ పెట్టింది. అడుగు పడింది కానీ అది ఉక్కురెక్కది కాదు, దొంగది.

గరుకు బాబు చీలమండ నిమురుకుంటూ ఆలోచించాడు. “మీ కాలిని మార్చలేం. నా గోపురంలో మూడో మెట్టు విరగ్గొట్టిస్తాను. కంప్యూటర్లో అది రెండు రోజుల పని.” లేచి, కుంటుతూ రెండు మెట్లెక్కి, వెనక్కి తిరిగాడు. “శాస్త్రజ్ఞుల సంగతి మాత్రం మనలో ఉండనివ్వండి.”

సినిమా విడుదలైంది. నలుగురూ కలిసి మొదటి ఆట చూశారు. ఉక్కురెక్క గోపురం ఎక్కుతుంటే హాల్లో కుర్చీలు అదిరాయి. ప్రతి అంతస్తులోనూ విరిగిన మూడో మెట్టు దాటుతుంటే, వెనక వరసలో కళ్ళజోడాయన పక్కవాడికి చెబుతున్నాడు, “ఆ మెట్టు అంటే ఏమిటనుకున్నావు? కుళ్ళిపోయిన సమాజం.”

రికార్డిస్టు నిద్రపోతున్నాడు. వదిన చిట్టక్క చెవిలో, “ఇంటి ఓనరుకి చెప్పాలి, బాగుచేయించమని,” అంది.

చివర్లో పేర్లు పడుతుంటే, చప్పుళ్ళు అన్నచోట అన్నయ్య పేరు కింద ఇంకో పేరు వచ్చింది. చిట్టక్క చదివేలోపే ఆ పేరు తెర పైకి వెళ్ళి మాయమైంది. మాస్టారు చదివాడు. జనం లేచే దాకా కదలకుండా కూర్చున్నాడు.

“ఆ బూట్లు,” అన్నాడు చివరికి, తెర వైపే చూస్తూ. “నీకు బాగా వదులయ్యుండాలే.”

చిట్టక్క ఫ్లాస్కు మూత బిగించింది.

“లేదన్నయ్యా. సరిపోయాయి.”

మాస్టారు మోకాలు పట్టుకుని లేచి, జేబులోంచి తాళంచెవి తీసి, చెల్లెలి చేతిలో ఉన్న ఫ్లాస్కు మూత మీద పెట్టాడు.