ఊరందరి తర్వాత అత్త

మొన్న కుప్పం నుంచి మా అన్న పెద్ద కవరొకటి పంపించాడు. పిత్తాశయం, పిత్తనాళాల జబ్బుల మీద ఆయన చేసిన పరిశోధన చివరికి అచ్చయింది. నున్నటి కాగితం, పేజీ పేజీకీ పట్టికలు. మదనపల్లెలో మా వంటింటి బల్ల మీద పెట్టుకుని, బడిలో పరీక్ష పేపర్లు దిద్దిన అలవాటు కొద్దీ వేలు పెట్టి గడి గడీ చదివాను. పేర్లేమీ లేవు. 'ఆలస్యంగా వచ్చినవాళ్లు' అనే గడిలోని అంకెలో మా మేనత్త కూడా ఉంది.

అన్న కుప్పంలో ఒక ఆసుపత్రిలో సర్జను. పుంగనూరు, సదుం పక్క పల్లెల జనం కళ్లు పచ్చబడ్డాక గానీ ఎందుకు రారన్నది ఆయన్ను ఏళ్లుగా పీడించిన ప్రశ్న. పిత్తాశయంలో రాయి ఉన్నప్పుడే వస్తే చిన్న ఆపరేషన్‌తో పోయే జబ్బును, వీళ్లు గ్యాసనుకుని సోడా తాగుతూ కూర్చుంటారు. అందుకని రెండేళ్లపాటు ఆదివారాలు చిన్న స్కానింగు మిషనొకటి పట్టుకుని పల్లెలు తిరిగాడు. ఆడవాళ్లు ఆయన ముందు నోరు విప్పరని, రిటైరై ఇంట్లో ఉన్న నన్ను వెంటేసుకున్నాడు. ప్రశ్నలడిగి కాగితం నింపడం నా పని. నొప్పి ఎన్నాళ్ల నుంచి అనడిగితే ఒకావిడ బాగా ఆలోచించి, "మా ఎర్రావు మూడో ఈత ఈనినప్పట్నించమ్మా" అంది. ఆ ఆవు వయసు తేల్చి, సంవత్సరం రాసుకునేసరికి మధ్యాహ్నమైంది.

మా మకాం చౌడేపల్లె దగ్గర మేనత్త ఇల్లు. మామ పోయాక నాలుగు పాడావులతో సంసారం నెట్టుకొచ్చిన మనిషి. వసారాలో స్కానింగు జరుగుతుంటే అందరికీ కాఫీలిచ్చేది, సిగ్గుపడేవాళ్లను చెయ్యి పట్టి తెచ్చి మంచం మీద పడుకోబెట్టేది. నువ్వూ ఒక్క నిమిషం పడుకో అత్తా అని అన్న అంటే, "నాకేముండాదప్పా, గుండ్రాయి మాదిరుండాను. ముందు వాళ్లను సూడు" అంటూ గ్లాసులు తీసుకుని లోపలికి పోయేది. నేనూ నవ్వేదాన్ని.

రెండో ఏడాది చివర్లో ఒకరోజు, కాఫీ అందిస్తున్న అత్త చేతుల మీద దురదకు గీరుకున్న చారలు కనిపించాయి. మోచేతుల దాకా ఉన్నాయి, కొన్నిచోట్ల రక్తం ఎండి ఉంది. తలెత్తి చూస్తే కళ్లు పసుపు. నెల రోజులుగా వాల్మీకిపురం పోయి కామెర్లకు పసరు తాగుతోందట. అన్న అప్పటికప్పుడు పడుకోబెట్టి మిషను పెట్టాడు. ఒకేచోట తిప్పాడు, తిప్పాడు. ఆయన మొహం చూసి నేను చేతిలో కాగితాలు మడిచేశాను.

కుప్పంలో పరీక్షలన్నీ చేశారు. పిత్తాశయంలో పుట్టిన గడ్డ నాళాన్ని నొక్కేసి కాలేయంలోకి పాకింది. అన్న వరండా బెంచీ మీద, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "కోసేదానికేమీ లేదమ్మణ్ణీ. కోస్తే ఇంకా ముందే పోతుంది" అన్నాడు. నోట్లోంచి కెమెరా పంపి, మూసుకుపోయిన నాళంలో సన్నటి గొట్టం పెట్టించాడు. అంతే చేయగలిగాడు. దురద తగ్గింది. "ఒళ్లు సల్లబడిందప్పా" అని అత్త మురిసిపోతుంటే ఆయన కిటికీ వైపు తిరిగాడు.

మరునాడు పొద్దున నన్ను దగ్గరికి పిలిచింది. "నన్ను గూడా రాసుకోమ్మా, ఆ కాయితంలో."

నొప్పి ఎన్నాళ్ల నుంచని అడిగాను.

"మీరు మొదుట వచ్చిన్నాడు గూడా ఉండె."

ముందుగా ఎవరికి చెప్పావు?

"ఎవురికీ సెప్పలా."

"యాలత్తా?" ఎందుకు చెప్పలేదని అడిగాను.

"వాళ్లంతా మనింటికొచ్చినోళ్లు గదమ్మా. వాళ్లదైపోనీ అనుకుంటి. ఇంటోళ్లం మనం కడాకు గదా తినేది?"

ఆ జవాబు రాయడానికి కాగితంలో చోటు లేదు. తలుపు దగ్గర నిలబడి అన్న అంతా విన్నాడు. అత్త ఆయన వైపు తిరిగి, "ముందే సూపించుకోనింటే బాగైపోయుందునా అప్పా?" అంది. ఆ సంగతి అందరికంటే ఆయనకే బాగా తెలుసు. ఆమె కాళ్ల మీద దుప్పటి సర్దాడు.

మూడు నెలలకు పోయింది. అన్న కొన్నాళ్లు పల్లెలకు పోవడం మానేసి, మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు ఏ ఇంట్లో దిగినా, ముందు ఆ ఇంటావిడ స్కానింగుకు పడుకుంటే గానీ ఊరివాళ్లను చూడడు. దానివల్ల మా అత్తకు ఒరిగిందేమీ లేదు. మా చేతిలో రెండేళ్ల సమయం ఉండింది. అప్పుడది సమయంలా కనిపించలేదు, మామూలు ఆదివారాల్లా కనిపించింది.