ఇన్నాయర్ రాత్రి ఏ తారీఖు?

ఇంట్లో ఉన్నంతసేపూ ఇజ్జా నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరి మేక ఈనిందో, ఎవరి కోడలు అలిగిందో అన్నీ ఆవిడకే కావాలి. అదే మనిషి కోర్టు గుమ్మం ఎక్కిందంటే తన మాటంటూ ఒక్కటి పైకి రానివ్వదు. కొండమీది వాళ్లు తషల్‌హీత్‌లో చెప్పింది జడ్జీలకు అరబ్బీలో, జడ్జీలు అరబ్బీలో అడిగింది వాళ్లకు తషల్‌హీత్‌లో చెప్పడం ఆవిడ పని. ఒక మాట కలపను, ఒక మాట తీసెయ్యను అని ప్రమాణం చేసిన దుబాసీ. ఇరవై రెండేళ్లుగా చేస్తోంది. మొగుడు పోయాక ఈ పనే ఆవిడకు అన్నం పెట్టింది, అంతకంటే ఎక్కువగా గర్వం పెట్టింది. పొద్దున్నే బార్లీ రొట్టె ఆర్గాన్ నూనెలో ముంచుకు తిని, చక్కెర దండిగా వేసిన పుదీనా టీ రెండు గ్లాసులు తాగి బయల్దేరుతుంటే, తనంత సుఖపడేవాళ్లు ఈ పట్నంలో లేరనిపిస్తుంది ఆవిడకు. నిజమే కాబోలు.

"అక్కా, ఇవాళైనా లోపల నీ సొంత మాట ఒకటి చెప్తావా?" అన్నాడు గేటు కాపలా బిహీ.

"చెప్తే నా ఉద్యోగం నీకిచ్చేస్తార్రా. నీ అరబ్బీకి నిర్దోషులంతా జైలుకి పోతారు," అని నవ్వుకుంటూ లోపలికి వెళ్లింది.

ఆ రోజు అప్పీలుకొచ్చింది పన్నెండేళ్ల పిల్ల కేసు. పేరు నేను చెప్పను. పదిమంది నోళ్లలో ఆ పేరు ఇప్పటికే చాలినంత నలిగింది. తండ్రి చనిపోతే బాబాయి ఇంట్లో పెరిగింది. ఆ బాబాయే పిల్లను పాడుచేశాడు. ఎనిమిది నెలల తర్వాత పిల్ల తన అమ్మమ్మకు చెప్పుకుంది. అమ్మమ్మ ఆ పూటే మనవరాలిని తన ఇంటికి తెచ్చేసుకుని పోలీసుల దగ్గరికి నడిచింది. కింది కోర్టు మాత్రం బాబాయిని వదిలేసింది. చూసినవాళ్లు లేరంది, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంది, అన్నిటికంటే ముఖ్యం, పిల్ల చెప్పిన తారీఖే తప్పంది.

పిల్ల మళ్లీ మొదట్నుంచీ చెప్పింది. ఇలా చెప్పడం ఇది మూడోసారి. ఇజ్జా మాట వెంట మాట అరబ్బీలో చెప్పుకుపోయింది. మొదటిసారి ఎప్పుడు జరిగిందని అడిగితే, "ఇన్నాయర్ రాత్రి" అంది పిల్ల.

బాబాయి లాయరు దిగ్గున లేచాడు. "జనవరి ఒకటి! కింది కోర్టులోనూ ఇదే చెప్పింది. నా కక్షిదారు ఆ రోజున ఉత్తరాన రేవులో చేపలు దింపుతున్నాడు. ఇదిగో ముద్ర వేసిన కాగితం. మొదటి మాటే అబద్ధమైతే మిగతావి నమ్మేదెలా?"

ఇజ్జాకు అప్పుడు తెలిసింది తప్పెక్కడ జరిగిందో. కింది కోర్టు దుబాసీ పట్నంలో పుట్టినవాడు. ఇన్నాయర్ అంటే జనవరేగా అనుకుని 'జనవరి ఒకటి' అని రాయించేశాడు. కొండమీద రైతుల లెక్క పదమూడు రోజులు వెనక నడుస్తుంది. వాళ్ల కొత్త ఏడాది మొదలయ్యేది జనవరి పద్నాలుగున. దాని ముందు రాత్రి చేసుకునే పండగ, ఇన్నాయర్ రాత్రి, వచ్చేది గోడ క్యాలెండర్‌లో పదమూడో తారీఖున.

నోరు విప్పితే, దుబాసీ ఒక పక్షం వహించిందని లాయరు గోల చేస్తాడు. ఆవిడ నోట వచ్చిన సాక్ష్యమంతా కొట్టేయిస్తాడు. పిల్ల నాలుగోసారి చెప్పాల్సి వస్తుంది. విప్పకపోతే పిల్ల జన్మంతా అబద్ధాలకోరే. తప్పు మాటను అలాగే ఉంచడం కూడా మాట తీసెయ్యడమేగా అనుకుంది ఇజ్జా. లేచి నిలబడింది.

"అయ్యా, ఇన్నాయర్ అన్న మాటని జనవరి ఒకటి అనడానికి లేదు. అది ఏ లెక్కన చెప్పిన మాటో పిల్లనే అడగండి."

"దుబాసీ కూడా సాక్ష్యం చెప్తోందా ఇప్పుడు!" లాయరు అరిచాడు.

"మాటకు అర్థం చెప్పింది, అంతేగా. కూర్చోండి," అన్నాడు పెద్ద జడ్జి. పదమూడు రోజుల సంగతి నాలుక చివరిదాకా వచ్చినా ఇజ్జా మింగేసింది.

"ఆ రాత్రే అని నీకెలా గుర్తమ్మా?" అని జడ్జి అడిగించాడు.

"తగూలా వండారు. ఆ జావలో దాచిన ఖర్జూరం గింజ నా వంతులో వచ్చింది. ఈ ఏడాదంతా అదృష్టం నీదేనే అన్నారందరూ," అంది పిల్ల.

ఇది అరబ్బీలో చెప్పేటప్పుడు ఇజ్జా మధ్యలో ఆగి, వాక్యం మళ్లీ మొదట్నుంచీ ఎత్తుకుంది. ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి.

జడ్జి బాబాయి వైపు తిరిగాడు. "ఆ పండక్కి నువ్వు ఇంట్లో ఉన్నావా?"

లాయరు చెయ్యి పట్టి లాగేలోపే అతగాడికి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఇంటి పెద్దని, నేను లేకుండా పండగేంటండీ! రేవు నుంచి రెండ్రోజుల ముందే వచ్చా. తగూలా గిన్నె నా చేత్తోనే మధ్యలో పెట్టా."

ఇజ్జా ఒక్క మాట కలపలేదు, ఒక్కటి తీసెయ్యలేదు.

సాయంత్రం తీర్పు చదివారు. నాలుగ్గోడల మధ్య జరిగిన దానికి వేరే సాక్షి ఎక్కణ్నుంచి వస్తాడన్నారు. ఎవరింట్లో తింటోందో వాళ్ల మీదే చెప్పుకోవాల్సిన పిల్లకు ఎనిమిది నెలలు ఆలస్యం కాదన్నారు. పసివాళ్లు రోజుల్ని పండగలతో గుర్తుపెట్టుకుంటారని, మూడుసార్లు చెప్పినా అసలు సంగతి మారలేదని, ఆ ఒక్క నోటి మాటే చాలునని ముగ్గురు జడ్జీలూ ఒప్పుకున్నారు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. నిలబడాల్సింది పసిపిల్లయితే ఆ సామెత వినడానికి నాకు ఒళ్లు మండుతుంది, అయినా తెలిసింది, సంతోషం. బాబాయికి పదిహేనేళ్ల జైలు పడింది.

అంత పొడుగు తీర్పునూ ఇజ్జా కొండభాషలో వివరంగా చెప్పి, చివర్న, "నీ మాట నమ్మారమ్మా, ముగ్గురూ," అంది. పిల్ల అమ్మమ్మ చెయ్యి పట్టుకుని, వచ్చినప్పట్నుంచీ మొదటిసారి తలెత్తి చూసింది. ముసలావిడ జడ్జీల వైపు తిరిగి ఏదో గట్టిగా అంది.

"ఏమంటోంది?" అన్నాడు పెద్ద జడ్జి.

ఇజ్జా చేతులు కట్టుకుని నిటారుగా నిలబడింది. "'నాకు చెప్పిన పూటే నేను నమ్మాను. మీకే రెండేళ్లు పట్టింది' అంటోందండీ."

లాయరు నవ్వబోయి ఆగిపోయాడు. పెద్ద జడ్జి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, గుమాస్తాతో అన్నాడు:

"రాసుకోండి. అన్నది అన్నట్టు."