గాల్లో ఉన్నవాణ్ణి కొట్టే పని

బండ అన్న పేరు వాడికి కాలేజీలో చేరిన కొత్తలోనే అంటుకుంది. బాస్కెట్‌బాల్ ఆటలో బుట్టలోకి బంతి విసిరితే ఇనుప రింగు ఖంగున మోగేది గానీ కింద వల కదిలేది కాదు.

"ఒరేయ్, ఆ రింగుకీ నీకూ పాతపగలేమైనా ఉన్నాయా?" అని కెప్టెన్ ఏడిపించేవాడు.

ఒకరోజు ప్రాక్టీసులో పరుగు ఆపుకోలేక బండ ఆ కెప్టెన్‌నే గుద్దేశాడు. కెప్టెన్ చెక్కనేల మీద వెల్లకిలా పడి, ఒడ్డున వేసిన చేపలా నోరు తెరిచి గాలికోసం వెతుక్కున్నాడు. అందరూ వాడి దగ్గరికి పరిగెత్తారు. కోచ్ మాత్రం కదల్లేదు. బేరానికి వచ్చినవాడు ఎద్దును చూసినట్టు బండను ఎగాదిగా చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒక్కో ఆటగాడికి ఆటలో అయిదు ఫౌల్స్. అయిదోది పడగానే బయటికి పోవాలి. అందుకే అందరూ వాటిని పొదుపుగా వాడతారు. నువ్వు దర్జాగా ఖర్చుపెట్టరా. ఒక్కటి మిగుల్చుకుని బయటికొచ్చావా, మళ్ళీ బెంచీ మీద కూడా కూర్చోనివ్వను."

"ఎలా సార్?"

"చెయ్యి బంతి మీదికి పోవాలి. ఒళ్ళు మనిషి మీదికి పోవాలి. రిఫరీ చేతిని చూస్తాడు."

అలా ఆ సీజన్‌లో బండకు ఉద్యోగం దొరికింది. బుట్ట కోసం ఎగిరినవాడు ఒక్క క్షణం ఎవరికీ చెందడు. నేల వాణ్ణి వదిలేసి ఉంటుంది, గాలి ఇంకా పట్టుకుని ఉండదు. సరిగ్గా ఆ క్షణంలో కొట్టాలి. మొదటి ఆటలో ఒకడి పెదవి చిట్లింది. తర్వాతి ఆటలో ఇంకొకడి ముక్కు పగిలి, నెత్తురు చుక్కలు తెల్లగీత దాటి ఎర్రదారంలా సాగాయి. మరో ఆటలో ఒక బక్కపలచనివాడు బండ భుజానికి తగిలి పడి, పక్కటెముక పట్టుకుని ముడుచుకుపోయాడు. విజిల్ పడినప్పుడల్లా బండ బుద్ధిమంతుడిలా చెయ్యెత్తేవాడు. గ్యాలరీ "బండ! బండ!" అని ఊగిపోయేది. బంతి వేసినప్పుడు ఒక్కరైనా పలకని పేరు, ఎముక చప్పుడైతే వందల గొంతుల్లో పలికేది. అది వాడికి తియ్యగా ఉండేది. ఆ మాట దాచడం ఎందుకు?

ఆ ఊళ్ళో ఆటలన్నీ ఒకే ఇండోర్ స్టేడియంలో జరిగేవి. దెబ్బ తగిలినవాళ్ళందరూ వీధి దాటి ఎదురుగా ఉన్న పెద్దాసుపత్రికే వెళ్ళాలి. అక్కడ కట్లు కట్టే గదిలో పనిచేసేది బండ అక్క. అమ్మా నాన్నా పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే.

"ఏరా, మీ కోచ్ నాకు కమీషనేమైనా పంపిస్తాడా? వచ్చినవాణ్ణల్లా ఎవరు కొట్టారు బాబూ అని అడిగితే నీ పేరే చెబుతున్నాడు" అందొకసారి ఇంటికొచ్చాక, గోళ్ళలో ఇరుక్కున్న ప్లాస్టర్ పిండి గోక్కుంటూ.

బండ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ఆ పక్కటెముక పిల్లాడు తుమ్మొస్తుంటే ఏడ్చాడురా. తుమ్మితే ఎంత నొప్పో తెలుసు గనక, ముక్కు గట్టిగా మూసుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. నీ పేరు చెప్పాడు. నా తమ్ముడని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

"ఆటక్కా అది."

"ఆటో, వేటో. ఇంకొక్కడు నీ చేత్తో విరిగి నా బల్ల మీదికొస్తే, నువ్వు ఈ ఇంటి గడప తొక్కద్దు."

అక్క మాటవరసకు మాట అనే మనిషి కాదు. చిన్నప్పుడు పాలుపోసేవాడు నీళ్ళు కలిపాడని, ఇక వద్దంటే మళ్ళీ వాడి మొహం చూడలేదు. బండకు ఆ గడప తప్ప వేరే గడప లేదు.

ఫైనల్‌కు ముందు కోచ్ అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు. అవతలి జట్టుకు బలమంతా ఒక్కడే. పొడుగు మెడ, సన్నటి చేతులు. అందరూ వాణ్ణి కొంగ అనేవాళ్ళు.

"కొంగ రెక్క విరిగితే కప్పు మనది" అని కోచ్ బండ వైపు చూశాడు. బండ తల వంచుకుని బూటుతాడు కట్టుకున్నాడు.

ఆట మొదలైన కాసేపటికే అవతలివాళ్ళ మోచెయ్యి ఒకటి బండ నోటిమీద పడింది. బండ కొట్టకముందే బండను కొట్టాలని వాళ్ళు ముందే అనుకుని వచ్చారు. ముందుపన్ను సగానికి విరిగింది. నెత్తురు మింగి లేచాడు. మళ్ళీ పొట్టలో గుద్దారు. మళ్ళీ లేచాడు. కొంగ ఎగురుతున్నాడు, వేస్తున్నాడు, దిగుతున్నాడు. బండ చేతులు పైకెత్తి నిలబడ్డాడే తప్ప ఒళ్ళు వెయ్యలేదు.

విరామంలో కెప్టెన్ వచ్చి వాడి చెంప ఛెళ్ళుమనిపించాడు. "ఏం, అమ్ముడుపోయావా? రాయిలా నిలబడ్డావేంట్రా!"

"నా పేరే అది కదా" అన్నాడు బండ. కోచ్ వాడి జెర్సీ మెడపట్టుకుని దగ్గరకు గుంజాడు. "ఒక్క ఫౌల్ చెయ్యలేదు నువ్వు. ఇప్పుడు వాడు ఎగిరితే కిందికి మామూలుగా దిగకూడదు. అర్థమైందా?"

ఆట చివరికొచ్చింది. కొంగ బంతి పట్టుకుని గాలిలా వచ్చాడు. అడ్డంగా ఉన్నది బండ ఒక్కడే. కొంగ ఎగిరాడు. బండ ఒళ్ళంతా అలవాటుగా ముందుకు బిగిసింది. ఎలాగో దాన్ని ఆపుకుని పక్కకు జరిగాడు.

బండ ఎదుట ఎగిరేవాళ్ళందరూ ఆ సీజన్‌లో ఒక విద్య నేర్చుకున్నారు. దెబ్బ ఎలాగూ తప్పదు గనక, గాల్లోనే భుజం వంచి, బరువంతా దెబ్బ వచ్చే వైపు మోపేవాళ్ళు. అప్పటిదాకా కొట్టకపోయినా, బండ ఒళ్ళు బిగియడం చూసి కొంగా అలాగే మోపాడు. గడియ వేసి ఉందనుకుని తలుపును భుజంతో తోసేసరికి అది తెరిచే ఉన్నట్టయింది. ఆనుకోవడానికి అక్కడ మనిషి లేడు. గాల్లోనే ఒరిగి, చెయ్యి కింద పెట్టి పడ్డాడు. ఎండుపుల్ల విరిచిన చప్పుడు పై వరసదాకా వినిపించింది. మణికట్టు, ఉండకూడని వైపు తిరిగిపోయి ఉంది.

విజిల్ పడలేదు. గ్యాలరీ హోరెత్తిపోయింది. "బండ! బండ!"

కోచ్ పరుగున వచ్చి వాడి నుదురు ముద్దుపెట్టుకున్నాడు. "దేవుడివిరా! ఫౌల్ కూడా పడలేదు!"

"నేను ముట్టుకోలేదు సార్."

"అదే కదరా అంటున్నా!"

మీద పడుతున్న జట్టువాళ్ళను రెండు చేతులతో విదిలించుకుని, బండ స్ట్రెచర్ వెంట నడిచాడు. "ఆట ఇంకా ఉందిరా గాడిదా!" అని కెప్టెన్ అరుస్తూనే ఉన్నాడు. బయటి వరండాలో కొంగ స్నేహితులు బండను గోడకు నొక్కి కొట్టారు. కడుపులో తన్నారు, చెవి మీద గుద్దారు. వాడు చేతులు ఎత్తలేదు. కొట్టేవాళ్ళకే అలుపొచ్చాక, గోడ పట్టుకుని లేచి వీధి దాటాడు.

కట్లగదిలో కొంగ బల్ల మీద పడుకుని మూలుగుతున్నాడు. అక్క తలెత్తి తమ్ముణ్ణి చూసింది. నోటినిండా నెత్తురు, చిరిగిన జెర్సీ. మళ్ళీ పట్టీలు తడపడంలో పడింది.

"నేను కొట్టలేదక్కా."

"ఆ మొహంతో చెబితే నమ్మాలా?"

"నిజమే అక్కా, వాడు కొట్టలేదు" అన్నాడు కొంగ పళ్ళ బిగువున. "కొడతాడనుకున్నా. కొట్టుంటే వాడి మీద ఆనుకుని నిలబడేవాణ్ణి. వెధవ, ఇవాళే మంచివాడవ్వాలా?"

అక్క చేతులు నీళ్ళలో ఆగిపోయాయి. "అంటే ఇప్పుడు నువ్వు ముట్టుకోకపోయినా మనుషులు విరుగుతున్నారన్నమాట" అంది మెల్లగా. బండకు ఆ రోజు తిన్న దెబ్బలన్నీ ఒకెత్తు, ఈ మాట ఒక్కటీ ఒకెత్తు.

అంతలో డాక్టర్ వచ్చి మత్తుసూది పొడిచి, మణికట్టు తడిమాడు. "లాగి సరిచెయ్యాలి. మోచేతి పైన గట్టిగా పట్టేవాడు కావాలి. ఎవరున్నారు?"

అక్క చేతిలోని పట్టీ పిండింది. తర్వాత గడ్డంతో తమ్ముణ్ణి చూపించింది.

బండ పట్టుకున్నాడు. డాక్టర్ అటు లాగాడు. సూది పూర్తిగా పట్టలేదేమో, కొంగ గావుకేక పెట్టి తల తిప్పి బండ భుజంలో పళ్ళు దించాడు. చర్మం తెగింది. వాడి చేతిలోపల ఎముక జరగడం బండకు తెలుస్తోంది. పట్టు సడలించలేదు, భుజం లాక్కోలేదు. లోపల చిన్నగా టక్కుమంది. డాక్టర్ "చాలు" అన్నాడు.

అక్క తడిపట్టీ చుట్టడం మొదలుపెట్టింది. మూడో చుట్టు దగ్గర, తల ఎత్తకుండానే అంది.

"తాళంచెవి పక్కింట్లో ఇచ్చాను. ముందు ఆ పన్ను చూపించుకుని పో."