ఇరుసు కాదు, ఒరుసు

మా వీధి మెకానిక్ మామ మంగళవారం ఉదయం ఆరుంబావుకు తమిళనాడు ధర్మపురిలోని తన ఇంట్లో గుండెపోటుతో చనిపోయారు. పళ్లు తోముకుంటూ కూలబడ్డారని, ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందని ఆయన కూతురు చెప్పింది.

ఆయన నాకు బంధువు కాదు. మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్లు రెండే కావడంతో మామ అయ్యారు. కొట్లో అందరితో తమిళం, నాతో మాత్రం తెలుగు.

మూడేళ్ల కిందట నా పాత కారుకు వెడల్పు చక్రాలు వేయించాను, సోకు కోసమే. మలుపుల్లో బర్రుమనే శబ్దాన్ని రెండు నెలలు పట్టించుకోలేదు. పెరియంపట్టి దగ్గర అది మరీ ఎక్కువైంది. మామకు ఫోన్ చేసి ఒరుసుతా ఉందని చెప్పాను. లారీల రొదలో ఆయనకు ఇరుసు అని వినబడింది. జాకీ, తాడు ఆటోలో వేసుకుని అరగంటలో వచ్చారు.

"ఇరుసు ఇరిగిందనుకుంటి కదప్పా. టైరు ఒరిసేదానికా నన్ను ఇంత దూరం ఉరికిస్తివి?"

తిడుతూనే కింద పడుకుని టైరును తడిమారు. లోపలి పక్క రబ్బరు అరిగి నూలు బయటపడింది. మరునాడు అమ్మతో కలిసి ఐదుగురం తీర్థమలై గుడికి వెళ్లాలి. చక్రం మీది బాడీ అంచు కాస్త కొట్టి సర్దమన్నాను. తగిలేది లోపల స్ప్రింగు దగ్గర, అంచు కొట్టి లాభం లేదన్నారు. వేరే మెకానిక్ లేడా అన్నాను కోపంగా.

"ఉండాడు, పో. ఈ బండ్లో మాత్రం మీ యమ్మను ఎక్కించొద్దు."

తాళంచెవి ఆయన జేబులోకి పోయింది. మేం బస్సులో వెళ్లాం.

తిరిగొచ్చాక టైర్లకు తడి సున్నం పూసి, మా ఐదుగురినీ కూర్చోబెట్టి, మా వీధి స్పీడ్ బ్రేకర్ల మీదే నెమ్మదిగా తిప్పారు. సున్నం ఎక్కడ చెరిగిందో చూపించారు. ఖాళీ బండి నిజం చెప్పదనేవారు. ఆ చక్రాలు నా కారు కొలతవి కావని తేల్చి, పాతవే బిగించారు. నేను క్షమాపణ చెప్పలేదు. ఆయనా అడగలేదు.

ఇప్పుడు కొట్లో ఏరియూరు రైతు ఒకాయన కారు స్టాండ్ల మీద ఉంది. నాలుగు చక్రాలూ గోడకు ఆనించి ఉన్నాయి, సోమవారం సాయంత్రం మామ పెట్టినట్టే. ఆ రైతు మామను సాగనంపడానికి వచ్చారు గానీ బండి మాట ఎత్తలేదు. పదేళ్లుగా అదే కొట్లో పనిచేస్తున్న మామ కూతురే ఆ రైతు దగ్గరికి వెళ్లి, బండి తాను పూర్తి చేసిస్తానని చెప్పింది.

గురువారం ఉదయం శ్మశానంలో మామకు పాలు పోస్తారు. శుక్రవారం పది గంటలకు ఆమె షట్టరు తీసి, ఆ కారును కిందికి దింపుతుంది.