సముద్రం లేని దేశం నుంచి వచ్చాక

పెదనాన్న పోయాడన్న కబురు తోరణగల్లు వెళ్ళే కంపెనీ బస్సులో తెలిసింది. ఫోన్ చేసింది ఆయన కూతురు, మా అక్క. "నాన్న లేడురా. కాఫీ తాగి కూచున్నోడు కూచున్నట్టే పోయినాడు" అంది. దారిలోనే దిగి, మా ఊరు హచ్చొళ్ళికి బస్సు పట్టుకున్నాను.

మా తాత కోస్తా నుంచి ఆ ఊరికి వచ్చి కాలువ కింద పొలం కొన్నాడు. పెదనాన్న చిన్నప్పటి నుంచీ ఆ వరిలోనే పెరిగాడు. యాభై దాటాక ఆ పనితనం చూసే ఒక వ్యాపారి ఆయన్ని ఆఫ్రికాలోని మలావీకి తీసుకెళ్ళాడు. అక్కడ పొలాలు కౌలుకు తీసుకుని వరి వేయించాలి.

"ఈ దేశానికి సముద్రం లేదప్పా" అని ఫోన్లో చెప్పేవాడు. "యూరియా, డీజిల్ పక్క దేశం రేవులో దిగి లారీల మీద రావాల. పొగాకు అమ్మితేనే డాలర్లు. అవి లేకుంటే పెట్రోల్ బంకులు బంద్. యాడ చూసినా పిల్లలే. గదులు చాలక చెట్ల కింద పాఠాలు చెప్తాండారు." ఒకసారి అక్కడి కోర్టు, లెక్కల కాగితాలు వైట్నర్‌తో దిద్ది ఉన్నాయని అధ్యక్షుడి ఎన్నికనే కొట్టేసింది. మళ్ళీ ఓట్లు వేస్తే ఆయన ఓడిపోయాడు. ఆ సంగతి పెదనాన్న సొంత ఊరి పంచాయతీ కబురులా చెప్పాడు.

తిరిగొచ్చాక, ఒకరోజు సంగటి తింటూ ఇంకో సంగతి చెప్పాడు. అక్కడ ఒక రైతును కౌలుకు పొలం అడిగితే, "నాది కాదు, మా ఆవిడ వాళ్ళది, మా అత్తను అడుగు" అన్నాడట. ఆ ప్రాంతంలో పెళ్ళయ్యాక మగవాడే భార్య ఊరికి వెళ్తాడు. పొలం తల్లి నుంచి కూతుళ్ళకు వస్తుంది. ఆ ముసలమ్మ ఈయన్ని కూర్చోబెట్టి, ఏం వేస్తావు, ఎప్పుడు తిరిగిస్తావు అని అడిగింది.

"ఆడమనిషి ముందు చేతులు కట్టుకొని పొలం అడగడం నాకు అదే మొదలప్పా" అన్నాడు.

ఆ ఏడే ఇంట్లో పంపకాలు వచ్చాయి. కొడుకులిద్దరూ అక్కను సిరుగుప్ప రిజిస్ట్రేషన్ ఆఫీసుకు రమ్మన్నారు, తన భాగం వదులుకుంటున్నట్టు సంతకం పెట్టడానికి. అక్క పెన్ను తీసుకుంది. పెదనాన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆమెకు పెళ్ళయిపోయింది కదా నాన్నా, పొలమెందుకు?" అన్నాడు పెద్దన్న.

"కూతురికీ భాగమనే చట్టం ఈడ కూడా ఉండాది. మనమే సంతకం పెట్టించి ఆ భాగం ఒదిలిస్తాం" అన్నాడు పెదనాన్న.

"నాకొద్దు నాన్నా" అంది అక్క. "అన్నలు దూరమవుతారు."

"దూరమైతే వాళ్ళే నడిచొస్తారు. నువ్వు పెట్టొద్దు."

కాలువ మొదట్లోని మడి అక్కకు రాశాడు. పెద్దన్న చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. పెదనాన్న ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తేవాడు కాదు. పొద్దున్నే పొలానికి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి వచ్చేవాడు. "ఎవరి నీళ్ళ వంతు ఎప్పుడో ముందే చెప్పండప్పా, సగం కొట్లాట ఉండదు" అని ఊళ్ళో వాళ్ళకు మాత్రం చెప్పేవాడు.

దినాలు అయ్యాక నేను కాలువ గట్టుకు వెళ్ళాను. ఆ రోజు అక్క వంతు. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, మోకాళ్ళ దాకా బురదలో నిలబడింది. తన మడి తడిశాక పారతో గట్టు కోసి, కింద ఉన్న పెద్దన్న పొలానికి నీళ్ళు వదిలింది. ఆయన అవతలి గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. నీళ్ళు చివరి మూల దాకా వెళ్ళాక చెయ్యెత్తాడు.

"సాకమ్మా, ఇంక చాలు" అన్నాడు.

అక్క ఒంగి, చేతులతో బురద తీసి గండి పూడ్చింది.