బాలమ్మ కడియంలో కరిగిన ప్లేటు

దయ్యాలంటే నవ్వే మనిషిని నేను. చుట్టాల్లో ఎవరైనా అలాంటి కథ ఎత్తుకుంటే మధ్యలోనే లేచిపోయేవాణ్ణి. ఇప్పుడు నేనే చెబుతున్నాను. మీరు లేచిపోయినా ఏమీ అనుకోను.

మాది వనపర్తిలో అవుసుల ఇల్లు. వెండి, బంగారం పని. మా వీధిలోనే ఉండే నర్సింలు సంస్థానం బ్యాండులో క్లారినెట్ ఊదేవాడు. ఆ మనిషికి సికింద్రాబాద్ లష్కర్‌లో తెల్లదొరలు నాట్యమాడే బ్యాండు పాటల పిచ్చి పట్టింది. జాజ్ అనేవాడు. కడుపు మాడ్చుకుని ఆ గ్రామఫోన్ ప్లేట్లు కొనేవాడు. బాకాలు, డోళ్లు, మధ్యలో నవ్వుతున్నట్టు ఒక క్లారినెట్. మొదట్లో నాకు గోలగా ఉండేది. తర్వాత తర్వాత నా సుత్తి కూడా ఆ తాళానికే పడేది.

యుద్ధం రోజుల్లో అతనికి చూపు మందగించింది. హైదరాబాద్ దవాఖానకు పోతూ పన్నెండు ప్లేట్లనూ, పాటల పెట్టెనూ మా ఇంట్లో పెట్టాడు.

"అన్నా, ఎండ తగలనియ్యకు, వంకర పోతయి. నువ్వైతే పైలంగ చూస్తవని ఇచ్చి పోతున్న."

పది రోజులకు అతని స్నేహితుడెవరో లష్కర్ నుంచి ఇంకో ప్లేటు పంపితే, అతను ఊళ్లో లేడని టపావాడు మాకిచ్చి పోయాడు. అంచు విరిగి వచ్చింది. పాట మొదలు వినపడదు. సగంలో సూది వెనక్కి దూకి, ఒకే ముక్కను మూడుసార్లు పాడి ముందుకు పోయేది. నాలుగైదుసార్లు పెట్టుకుని విన్నాను.

ఆ ఏడు లక్క దొరకలేదు. బోలు కడియాల్లో మేము లక్క, ఇటుక పొడి కలిపి నింపుతాం. లేకపోతే సొట్టలు పడతాయి. పెద్దమందడి నుంచి బాలమ్మ అనే రైతు ఇంటావిడ తన చేతి కడియాల కోసం మూడుసార్లు వచ్చి ఊరికే తిరిగిపోయింది. గ్రామఫోన్ ప్లేటు కూడా లక్కా, రాతి పొడే. అది అవుసులవాడికి వాసనతోనే తెలుస్తుంది. విరిగిన ప్లేటే కదా, వచ్చినట్టు నర్సింలుకు తెలియనే తెలియదు కదా అనుకున్నాను. దంచి, కుంపటి మీద కరిగించి, బాలమ్మ కడియంలో పోశాను.

ఒకటితో ఆగి ఉంటే ఇది చెప్పేవాణ్ణి కాదేమో. ఏడాది తిరిగేసరికి అతనిచ్చిన పన్నెండూ అలాగే పోయాయి. నమ్మి ఇచ్చిన సొమ్మును సిగ్గు లేకుండా కరిగించుకున్నాను.

నర్సింలు తిరిగొచ్చాడు. చూపు రాలేదు. మిట్టమధ్యాహ్నం గోడ తడుముకుంటూ మా అరుగెక్కాడు. అప్పటికే బాలమ్మ వచ్చి, చీల వదులైన కడియాన్ని నా ముందు పీట మీద పెట్టి కూర్చుంది. ప్లేట్లు ఎండకు పగిలిపోయాయని చెప్పడానికి నోరు తెరవబోయాను. అంతలో అతను తల వంచి కడియం వైపు చెవి పెట్టాడు.

"ఇదేందన్నా, కొత్తదా? ఇది నా దగ్గర లేకుండె."

పెట్టె అటక మీద ఉంది. ఇంట్లో చప్పుడే లేదు.

"ఏం ఇనపడ్తలేదు గదా," అంది బాలమ్మ నా మొహం చూస్తూ.

అతను తొడ మీద తాళం వేసుకుంటూ కూనిరాగం తీశాడు. మొదలు లేకుండా నడుమ నుంచి ఎత్తుకున్నాడు. సగంలో ఒక ముక్కను మూడుసార్లు పాడి ముందుకు పోయాడు.

ఆ పాటను హైదరాబాద్‌లో విన్నాడేమో అనుకోవచ్చు. కానీ ఆ విరిగిన అంచునూ, ఆ మూడుసార్లనూ ఎక్కడ వింటాడు?

చీల బిగించి కడియం ఇచ్చేశాను. బాలమ్మ తొడుక్కుని వీధి మలుపు తిరిగింది.

"ఎందుకు బందు జేసినవన్నా? మంచిగుండె."

"పెట్టె స్ప్రింగు పోయింది," అన్నాను.

అతను తడుముకుని నా చెయ్యి పట్టుకున్నాడు. "ప్లేట్లు అడుగుదామనే వచ్చిన. ఎంత పైలంగ పెట్టినవో ఇప్పుడు తెలిసింది. మా ఇంట్ల ఎవరు చూస్తరు? నీ దగ్గర్నే ఉండనియ్యన్నా."

ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. వారానికోసారి వచ్చేవాడు. స్ప్రింగు ఇంకా బాగుకాలేదని చెప్పేవాణ్ణి. "తొందరేముంది," అని కాసేపు కూర్చుని పోయేవాడు.

ఆ రోజు అతనికి ఏం వినిపించిందో, ఎలా వినిపించిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అతను చనిపోయాక బాలమ్మ కడియం మరోసారి పనికి వచ్చింది. తలుపు వేసుకుని చాలాసేపు చెవికి ఆనించుకున్నాను. ఏమీ వినపడలేదు. "తప్పైంది నర్సింలూ" అని ఆ కడియానికే చెప్పుకున్నాను.