మూడు నోళ్ల ఇత్తడి ముక్క

చిన్నప్పటినుంచీ ఇంట్లో నాకు గాలికి తిరిగేవాడినని పేరు. పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో ఆ పేరు సార్థకం చేసుకున్నాను. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా గాలి కోసమే తిరిగాను.

అన్నయ్యది ఛాతీ కండరాలు చచ్చుబడే జబ్బు. ఆసుపత్రిలో ఊపిరి ఆడించే యంత్రం ఒకటే ఉంది, దాని కోసం కాచుకున్నవాళ్లు చాలామంది. అశోక్‌నగర్‌లో ఉండే డాక్టరుగారు ఒక రబ్బరు తిత్తి, ముక్కూ నోరూ మూసే తొడుగూ ఇచ్చి ఇంటికి పంపారు. తిత్తి నొక్కితే అన్నయ్యకు గాలి, చెయ్యి ఆగితే లేదు. అమ్మ, వదిన, నేను వంతులు వేసుకున్నాం. వదిన వేళ్లు వాచిపోయాయి. ఆవిడ కుట్టు మిషను పెడలుకు హార్మోనియం తిత్తి బిగించి నేనో యంత్రం తయారుచేశాను. ఆఫీసులో నాది యంత్రాల బొమ్మలు గీసే ఉద్యోగం. గీసింది పనిచేస్తుందా అని అక్కడెవరూ అడగరు.

ఇక గొట్టాలు. సైకిలు ట్యూబు వంగితే మూసుకుపోతోంది, పైగా లోపలంతా పౌడరు. మందుల షాపు రబ్బరు గొట్టం కుదిరింది. వదిలిన ఊపిరి పక్కనుంచి బయటికి పోవడానికి ఇంగ్లీషు అక్షరంలా ఉండే మూడు నోళ్ల టీ ముక్క కావాలి. మా వీధిలో టీ అడిగితే ఎవరింట్లోనైనా ఇస్తారు. ఈ టీ మాత్రం నారాయణగూడ సైకిలు షాపులో దొరికింది, సన్నటి ఇత్తడిది.

"ఏంది సార్, స్టవ్వుకా, స్కూటర్‌కా?" అన్నాడు షాపాయన.

"మనిషికి."

ఆయన నవ్వలేదు. రెండు నోళ్లు మూసి, మూడోదానికి పంపు పెట్టి కొడుతూ బకెట్ నీళ్లలో ముంచాడు. ఒక్క బుడగ రాలేదు. "చూస్కోండి, జర కూడ లీకు లేదు."

నోటితో ఊది చూడబోయి ఆగాను. "వాడి నోటికి పెట్టేది, ఎవరి ఎంగిలీ తగలనీకు" అని అమ్మ చెప్పి పంపింది. మా ఇంట్లో మంచినీళ్ల చెంబైనా పెదాలకు తగలకుండా ఎత్తి తాగాల్సిందే.

ఇంటికొచ్చి దాన్ని గొట్టాలకు బిగించాక వదిన పెడలు తొక్కింది. అన్నయ్య ఛాతీ లేచింది, దిగలేదు. దిగేలోపే మళ్లీ లేచింది. పెదాలు నల్లబడ్డాయి, కళ్లు నన్నే చూస్తున్నాయి. తొడుగు పీకేశాను. వదిన మళ్లీ చేతితిత్తి అందుకుంది.

"ఇంక ఆ మిషను జోలికి పోకు అబ్బాయ్. చేతులున్నాయిగా" అంది, నా వైపు చూడకుండా.

అమ్మ ఇత్తడి ముక్కను పెదాల మధ్య పెట్టుకుని ఊదింది. బుగ్గలు ఉబ్బాయి, ముఖం ఎర్రబడింది. "దీంట్లోంచి నేనే ఊపిరి వదల్లేకపోతున్నానురా. వాడెలా వదుల్తాడు?"

మర్నాడు తనే నాతో షాపుకొచ్చింది. నూనె, తుప్పు పట్టిన ముక్కలు ఒక్కొక్కటే నోట పెట్టుకుని చూస్తోంది.

"గలీజున్నయ్ అమ్మా, నోట్ల పెట్టకుండ్రి."

"పెట్టకపోతే ఎలా తెలుస్తుంది నాయనా?"

చివరికి నీళ్ల పైపుకు వేసే వెడల్పాటి ముక్కలోంచి ఊపిరి నెమ్మదిగా, పూర్తిగా వదిలింది. "ఏదీ, నువ్వూ చూడు" అని తుడవకుండానే నా చేతికిచ్చింది. చూశాను. ఇంటికెళ్లాక వదినా చూసింది. తరవాతే మరగబెట్టి బిగించాం. ఈసారి అన్నయ్య ఛాతీ లేచింది, దిగింది.

ఆ యంత్రం అన్నయ్యను బతికించలేదు. జబ్బు తన పని తాను చేసుకుపోయింది, వానలు తగ్గేలోపే ఆయన పోయాడు. ఆ మధ్య రోజుల్లో మాత్రం వదిన కాళ్లతో తొక్కుతూ, అన్నయ్య చెయ్యి పట్టుకుని, ఏవో వీధి కబుర్లు చెబుతూ కూర్చునేది.